గట్టు మీది నిస్తంత్రీ నేత్రము

కొల్లేటి సీమలో చేపల చెరువు గలవారికి తెల్లవారుజాము గండము వంటిది. పగలెల్ల నీటిలోని నాచు ఎండ వెలుగును గ్రహించి ప్రాణవాయువును విడుచుచుండును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ పని ఆగిపోవును. చేపలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు, అన్నియు ఉన్న వాయువునే పీల్చుకొనుచుండును. కావున సూర్యోదయమునకు ముందు గంటలలో నీటియందలి ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోవును. అప్పుడు బొచ్చెలు, శీలావతులు నీటి పైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. ఆ వేళ చూచినవాడు ఏరేటరు తిప్పి చెరువును కాపాడుకొనును. చూడనివాడు తెల్లవారిన పిమ్మట కడుపులు పైకి తేలిన చేపలను చూచును. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో నీళ్ల పాలగును.

అందుచేతనే ఏలూరు, కైకలూరు ప్రాంతములలో కాపలావాడు టార్చిలైటు చేతబట్టి నడిరేయి గట్టు వెంట తిరుగుచుండును. జారుడు నేల, పాములు, ఏరేటర్లకు పోవు కరెంటు తీగలు, ఇవన్నియు అతని దారిలో నున్నవే. ఒక చిన్న బండికి నాలుగు చక్రములు, ఒక మోటారు అమర్చి, దానిపై కెమేరా నొకటి నిలిపి, ఇంటి అరుగు మీద కూర్చుండి నడపగలిగినచో ఎంత మేలు! ఈ ఆలోచన నేడు విద్యార్థులకును, చెరువుల యజమానులకును కొత్త కాదు. సామగ్రియు అంగళ్లలో దొరకుచున్నది. బండిని నడపుట తేలిక; కెమేరా చిత్రమును తెప్పించుటయు తేలికయే. ఐతే ఆ చిత్రమును నమ్మి నిద్రపోవచ్చునా? మనము విచారింపవలసిన ప్రశ్న ఇదే.

దూరము నుండి తీగ లేకుండ వాహనమును నడపుట పాత విద్యయే. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను నీటి తొట్టెలో నిలిపి, రేడియో తరంగములతో దానిని త్రిప్పి చూపెను. కాని ఆ పడవకు కన్ను లేదు. చూచువాడు తొట్టె ప్రక్కనే నిలిచి యుండెను. వాహనము మన చూపునకు అందని చోటికి పోయినప్పుడే దానికి కన్ను కావలసివచ్చును. 1970 నవంబరులో సోవియట్ దేశమువారు చంద్రుని మీద దింపిన లూనోఖోద్ బండిని భూమి మీద కూర్చున్నవారు టెలివిజన్ చిత్రములను చూచుచు నడపిరి. చంద్రునికి పోయి వచ్చుటకు రేడియో తరంగమునకు రెండున్నర సెకనులు పట్టును. కావున వారు చూచుచున్నది ఎప్పుడును గడచిపోయిన క్షణమే. ఈ సంగతిని మనస్సున నుంచుకొందము. చెరువు గట్టు మీద సైతము ఇది మనకు పనికి వచ్చును.

మన తెలుగునేల మీది నుండి బయలుదేరిన కన్నుగల బండి కూడ ఒకటి కలదు. 2023 జూలై 14వ తేదీన శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 పైకెగసెను. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగెను. దాని కడుపులో నుండి ప్రజ్ఞాన్ అను ఆరు చక్రముల బండి వెలువడెను. దాని బరువు 26 కిలోలు. నడక సెకనుకు ఒక్క సెంటీమీటరు. ఆగస్టు 27న ఆ బండికి మూడు మీటర్ల ముందర నాలుగు మీటర్ల వ్యాసము గల గొయ్యి యొకటి కనబడెను. శాస్త్రజ్ఞులు దానిని వెనుకకు మరలించి వేరొక దారిని పట్టించిరి. చిత్రము వేళకు అందినందుననే బండి దక్కినది.

ప్రజ్ఞాన్ అమరికలో మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. ఆ బండి భూమితో నేరుగ మాటాడలేదు. తనకు దాపున నున్న విక్రమ్‌తో మాత్రమే మాటాడెను. విక్రమ్ ఆ మాటను భూమికి అందించెను. చిన్న బండికి చిన్న గొంతు చాలును. పెద్ద గొంతు ఒకచోట కదలక నిలిచిన దానికి ఉండవలెను. కొల్లేటి గట్టు మీద సైతము ఇదే న్యాయము. బండి మీద బలమైన ప్రసారిణిని మోయించుట కంటె, చెరువు మూలన ఒక స్తంభము నాటి, దానిపై గ్రాహకమును కట్టి, అచ్చటి నుండి ఇంటికి తీగనో, మరియొక నిస్తంత్రీ మార్గమునో ఏర్పరచుట మేలు.

ఇక అమరికలోనికి వత్తము. ఇట్టి కెమేరా చిత్రము తెగిపోవుటకు గల కారణములలో మొదటిది ఆకాశమున లేదు. బండి కడుపులోనే యున్నది. అది విద్యుత్తు. బండి కదలునప్పుడును, గట్టు ఎక్కునప్పుడును మోటారు ఒక్కమారుగ ఎక్కువ కరెంటును లాగును. ఆ క్షణమున బ్యాటరీ ఒత్తిడి పడిపోవును. దీపముండినచో ఒకసారి మినుకుమనును. కెమేరా మాత్రము మినుకుమని ఊరకుండదు. అది ఆరిపోయి తిరిగి మొదటి నుండి లేచును. ఆ లేచుటకు పట్టు సమయములో బండి ఎచ్చటికి పోయినదో ఎవ్వరికి నెరుక? కావున కెమేరాకును ప్రసారిణికిని వేరుగ ఒక బ్యాటరీ నిచ్చుట ఉత్తమము. అట్లు వీలుకానిచో ఒత్తిడిని నిలకడగా నుంచు రెగ్యులేటరును, దాని ముందు పెద్ద కెపాసిటరును అమర్చవలెను.

లెక్క కూడ కష్టము కాదు. 11.1 వోల్టుల, 5 ఆంపియర్-గంటల లిథియము బ్యాటరీలో సుమారు 55 వాట్-గంటల శక్తి యుండును. దానిని అడుగంట వాడరాదు. ఎనిమిది పాళ్లు వాడి రెండు పాళ్లు మిగుల్చవలెను. అనగా చేతికి వచ్చునది 44. కెమేరా, ప్రసారిణి, చీకటిలో చూచుటకు పరారుణ దీపములు, అన్నియు కలసి 6 వాట్లు తినుననుకొందము. ఏడు గంటలకు పైగా నడచును. రాత్రి పదింటికి పెట్టిన బ్యాటరీ తెల్లవారువరకు నిలుచును. మోటారు కూడ ఇదే బ్యాటరీని త్రాగినచో ఈ లెక్క నిలువదు.

రెండవ కారణము రొద. రేడియో వినువారికి ఇది పరిచయమైన శత్రువే. ప్రక్క యింట మిక్సీ తిరిగినచో మన సెట్టులో గరగరమనును. మోటారు లోపలి బ్రష్షుల వద్ద నిప్పురవ్వలు రాలుచుండుటయే దానికి కారణము. ఈ నిప్పురవ్వయే మార్కోనీ నాటి ప్రసారిణి! తొలి దినములలో రేడియో తరంగములను పుట్టించినది అదియే. బండి మోటారు అను ఈ చిన్న మార్కోనీ కెమేరా ప్రక్కనే కూర్చుండి అడ్డమైన తరంగములను వెదజల్లుచుండును. దీనికి మందు చవుక. మోటారు రెండు కొనల నడుమ ఒక చిన్న కెపాసిటరు, ఒక్కొక్క కొన నుండి మోటారు డొక్కకు మరి యొక్కటి, మొత్తము మూడింటిని కరగి యతికించవలెను. 0.1 మైక్రోఫారడ్ విలువ గలవి చాలును. మోటారు తీగలను జడవలె పెనవేసి, కెమేరా తీగలకు ఎడముగ నడపవలెను. బ్రష్షులు లేని మోటార్లలో నిప్పురవ్వ యుండదు. కాని వానిని నడపు స్విచ్చింగు పరికరమునకును దాని రొద దానికి కలదు. కావున ఎడము అన్నిటికిని అవసరమే.

రొదలో మరియొక విధము కలదు. బండిని నడపు ఆజ్ఞ మన చేతి నుండి బండికి పోవలెను. చిత్రము బండి నుండి మనకు రావలెను. రెండును ఒకే తరంగములపై నడచినచో, బండి మీద చిత్రమును పంపు ప్రసారిణి, తనకు జానెడు దూరమున నున్న ఆజ్ఞా గ్రాహకము చెవిని చిల్లులు పొడుచును. దూరము నుండి వచ్చు మన సన్నని ఆజ్ఞ దానికి వినబడదు. బండి చేయి దాటిపోవును. అందుచే ఆజ్ఞ 2.4 గిగాహెర్ట్జ్ మీదను, చిత్రము 5.8 గిగాహెర్ట్జ్ మీదను నుంచుట వాడుక. ఈ రెండు తరంగ శ్రేణులలో నియమిత శక్తికి లోబడి లైసెన్సు లేకుండ పనిచేయుటకు మన దేశమున 2005లో మొదటి దానికిని, 2018లో రెండవదానికిని వీలు కల్పించిరి. కనుక ఆమోదము పొందిన పరికరములనే కొనవలెను. విదేశపు అంగళ్లలో దొరకునవి అన్నియు ఇచ్చట వాడదగినవి కావు.

మూడవ కారణము దారి. కొల్లేటి సీమకు ప్రత్యేకమైన చిక్కు ఇందులోనే యున్నది. ఏరియలు నుండి వెలువడిన తరంగము గ్రాహకమునకు రెండు దారుల చేరును. ఒకటి నేరుగ వచ్చును. రెండవది నీటిని తాకి పైకి లేచి వచ్చును. చెరువు నీరు తరంగములకు అద్దము వంటిది. అంతియేగాక, నీటిని ఏటవాలుగ తాకి లేచిన తరంగము తలక్రిందులై లేచును. రెండు ఏరియళ్లును నేలను అంటుకొని యున్నచో రెండు దారుల పొడవును ఇంచుమించు సమానమగును. ఒకటి పైకి ఎత్తుచుండగా రెండవది క్రిందికి లాగుచుండును. ఫలితము ఒకదాని నొకటి చంపుకొనుటయే. చదునైన పొడి మైదానమున చక్కగ నడచిన బండి చెరువు మీదుగ చూచునప్పుడు మూగవోవుటకు హేతువు ఇదే.

దీనికి ప్రసారిణి శక్తిని పెంచినచో చాలునని కొందరు తలంతురు. బయలు ప్రదేశమున శక్తిని నాలుగు రెట్లు చేసినచో దూరము రెండు రెట్లగును. నీటి మీద, ఏరియళ్లు తక్కువ ఎత్తున నున్నప్పుడు, అదే నాలుగు రెట్ల శక్తికి దూరము 1.4 రెట్లే పెరుగును. అదనముగ వేడి, బ్యాటరీ తరుగు, చట్టముతో పేచీ. దానికి బదులు ఇంటి వద్ద నున్న గ్రాహకపు ఏరియలును రెండు మీటర్ల ఎత్తు నుండి ఆరు మీటర్లకు ఎత్తినచో, దూరమున నున్న బండి నుండి అందు శక్తి తొమ్మిది రెట్లగును. ఎత్తు మూడు రెట్లు, ఫలము దాని వర్గము. ఒక వెదురు బొంగు చేయు మేలును పదింతల ఖరీదు గల ప్రసారిణి చేయలేదు.

ఎత్తు కావలసివచ్చుటకు మరియొక కారణమును కలదు. తరంగము దారము వలె సన్నగ పోదు. రెండు ఏరియళ్ల నడుమ పొడుగాటి దోసకాయ ఆకారమున చోటును ఆక్రమించును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు 12.5 సెంటీమీటర్లు. 200 మీటర్ల దూరమున ఆ దోసకాయ నడిమి భాగము ఇరువైపుల 2.5 మీటర్ల చొప్పున ఉబ్బి యుండును. అందులో కనీసము అరవై పాళ్లు, అనగా నడిమి గీత నుండి మీటరున్నర, అడ్డు లేకుండ నుండవలెను. గట్టు మీది కొబ్బరిచెట్టు, నీటి అంచున పెరిగిన కిక్కిస పొద, మేత బస్తాలు పెట్టు రేకుల పాక, ఇవన్నియు ఆ దోసకాయను కొరుకునవే. కంటికి బండి కనబడుచున్నది గదా యని ధైర్యపడరాదు. కన్ను చూచు దారి సన్ననిది. తరంగము నడచు దారి వెడల్పైనది. తడిసిన ఆకు ఈ తరంగములను మిక్కిలిగ త్రాగివేయును. వేసవిలో పనిచేసిన అమరిక శ్రావణములో తడబడుట అందువలననే.

ఏరియళ్ల విషయమున మరి రెండు మాటలు. పంపునదియు అందుకొనునదియు ఒకే విధముగ నిలువవలెను. ఒకటి నిలువుగ, ఒకటి అడ్డముగ నున్నచో శక్తిలో అధికభాగము వృథా. బండి ఎగుడుదిగుడు నేలపై ఒరిగినప్పుడు ఈ పొత్తు చెడును గనుక, తరంగమును మరవలె త్రిప్పి పంపు ఏరియళ్లు వాడుకలోనికి వచ్చినవి. ఇవి కుడివాటము, ఎడమవాటము అని రెండు విధములు. నీటిని మిక్కిలి ఏటవాలుగ కాక నిటారుగ తాకి లేచిన తరంగము వాటము మారును. కావున కుడివాటపు గ్రాహకము దానిని చాలవరకు తోసిపుచ్చును. రెండు కొనలయందును ఒకే వాటపువి యుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఇక ఏరియలు బిగించకుండ ప్రసారిణిని ఒక్క క్షణమైనను వెలిగించరాదు. బయటికి పోవలసిన శక్తి లోపలికే మరలి పరికరమును కాల్చివేయును.

నాలుగవ కారణము కొల్లేటి గాలి. మంచు కాలమున తెల్లవారుజామున ఇచ్చటి గాలి తడిగుడ్డ వంటిది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు మీదుగ సముద్రమునకు పోవును. ఉప్పుటేటి వైపు చెరువులలో ఉప్పదనము కూడ కలదు. తేమయు ఉప్పును కలసినచో అతుకులు పచ్చబడి తెగిపోవును. కెమేరాను మూత గట్టిగ బిగియు పెట్టెలో నుంచి, లోపల తేమను పీల్చు సిలికా గుళికల పొట్లము పెట్టవలెను. ఐతే గాలి చొరని పెట్టెలో ప్రసారిణి వేడెక్కి సొమ్మసిల్లును. కావున దాని వీపును ఒక అల్యూమినియము రేకునకు ఆనించి, ఆ రేకు రెండవ ముఖము బయటి గాలికి తగులునట్లు చేయవలెను. ఏరియలు మాత్రము లోహమునకు దూరముగ, ప్లాస్టిక్ గొట్టముపై నుండవలెను. పరారుణ దీపములను కెమేరా అద్దము వెనుక నుంచరాదు. వాని వెలుగు అద్దముపై బడి వెనుకకు మరలి, చిత్రమంతయు తెల్లని పొగవలె కనబడును. వానిని అద్దమునకు వెలుపల, ఎడముగ బిగింపవలెను.

ఇక ఐదవది ఆలస్యము. చంద్రునికి రెండున్నర సెకనులని ముందు చెప్పుకొంటిమి. చెరువు గట్టు ఇంటికి రెండు వందల మీటర్లే గదా, ఆలస్యమెక్కడిది అని సందేహము కలుగవచ్చును. తరంగమునకు ఆలస్యము లేదు. కెమేరా చిత్రమును ముడుచుట, పంపుట, ఇచ్చట తిరిగి విప్పుట, వీనికి కాలము పట్టును. సామాన్యమైన వైఫై కెమేరాలలో అర సెకను జాగు అరుదు కాదు. గంటకు 5 కిలోమీటర్ల నడకతో పోవు బండి అర సెకనులో 70 సెంటీమీటర్లు ముందుకు పోవును. సన్నని గట్టు మీద నీటిలో పడుటకు అంత చాలును. కావున పాతపద్ధతి అనలాగు చిత్రమును నేటికిని కొందరు విడువకున్నారు. అది మబ్బుగ నుండును గాని జాగు తక్కువ. మరియు బలము తగ్గునప్పుడు చిత్రముపై చుక్కలు రాలి ముందుగ హెచ్చరించును. డిజిటల్ చిత్రము కడవరకు తేటగ నుండి, హఠాత్తుగ ఆగిపోవును. జాగు ఎక్కువైనచో బండి వేగమును తగ్గించుటయే మార్గము. సెకనుకు సెంటీమీటరు నడచిన ప్రజ్ఞాన్‌ను తొందర లేని బండి యని ఎవ్వరును పరిహసింపలేదు గదా.

ఇప్పుడు అసలు ప్రమాదమును చెప్పవలెను. రేడియోలో ప్రసారము తెగినచో ఏమగును? మౌనమగును. ఆ మౌనమును శ్రోత వెంటనే గుర్తించును. మేము రేడియో ఉద్యోగులము ఆ మౌనమునకు భయపడియే ప్రతి మార్గమునకును ప్రత్యామ్నాయ మార్గము నొకదానిని సిద్ధముగ నుంచుకొందుము. చిత్రము అట్లు కాదు. డిజిటల్ చిత్రము తెగినప్పుడు కడపటి బొమ్మ తెరపై నిలిచిపోవుట కలదు. రోడ్డును చూపు కెమేరా ఆగినచో బండ్లు కదలకుండుటను బట్టి తెలియును. రాత్రి వేళ చెరువు నీరు కదలనిదే గదా! నిలిచిపోయిన చిత్రమునకును, నిశ్చలమైన చెరువునకును భేదమేమి కలదు? రెండు గంటలకు ఆగిన చిత్రమును నాలుగు గంటలకు చూచి, చేపలు పైకి రాలేదు, అంతయు క్షేమమే యని యజమాని దుప్పటి కప్పుకొనును. అప్పటికి అచ్చట చేపలు నోళ్లు తెరచుచుండును. కెమేరా లేనివాడు అనుమానముతో లేచి గట్టునకు పోయియుండును. కెమేరా ఉన్నవాడు నమ్మకముతో నిద్రించెను. కన్ను లేకుండుట కంటె అబద్ధమాడు కన్ను ఎక్కువ హాని చేయును.

దీనికి విరుగుడులు మూడు. మొదటిది, చిత్రము మూలను సెకనులతో కూడ నడచు గడియారము. ఆ గడియారము బండి మీది కెమేరా అచ్చువేసినదై యుండవలెను. ఇంటి వద్ద తెర అచ్చువేసినది కారాదు. సెకను కదలినచో చిత్రము సజీవము, కదలనిచో మృతము. చిత్రమును చూచుటకు ముందు గడియారమును చూచుట అలవాటు కావలెను. రెండవది, కెమేరాతో పాటు ఒక మైకు. ఏరేటరు తిరుగు చప్పుడు, కప్పల బెకబెకలు చెవిని బడుచున్నంత సేపు మార్గము నిలిచి యున్నట్లే. చప్పుడు ఆగినచో కరెంటు పోయినదో, మార్గము తెగినదో. రెండును లేవవలసిన కారణములే. కన్ను మోసపోయిన చోట చెవి మోసపోదు. మూడవది, ఆజ్ఞ అందనప్పుడు బండి తనంత తాను నిలిచిపోవునట్లు ముందే ఏర్పాటు. ఆజ్ఞా గ్రాహకమునకు మాట అందని యెడల మోటారు ఆగవలెను. కడపటి ఆజ్ఞనే పట్టుకొని ముందుకు పోవు బండి నీటిలో పడి, తాను కాపాడవలసిన చేపలలో చేరును. చిత్రమును బండి మీది మెమరీ కార్డులో కూడ వ్రాసియుంచినచో, మార్గము తెగిన వేళ జరిగినదేమో పిమ్మటనైనను తెలియును.

నిస్తంత్రి చేయలేని పనులను కూడ తెలిసికొనుట వివేకము. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో, దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినది. వరద నీటి అడుగున దాని జాడను ధ్వని తరంగములతో వెదకవలసివచ్చెను. దానిని పైకి తీయునప్పటికి అక్టోబరు 22వ తేదీ వచ్చినది. ఈ గిగాహెర్ట్జ్ తరంగములు నీటిలో కొలది అంగుళములకే హరించుకుపోవును. బురద నీటిలో కెమేరా చూపు కూడ అంతంత మాత్రమే. కావున చెరువు లోపల చూడదలచినవారికి తీగ తప్పదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమ గట్టు కాలువ సొరంగము కూలి, ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిదిమంది చిక్కుకొనిరి. చివరి భాగమున మనుష్యులు పనిచేయుట ప్రమాదకరమైనందున హైదరాబాదు నుండి రోబోలను రప్పించిరి. బురద, నీరు, విరిగిన ఇనుప యంత్రము అడ్డుపడిన అట్టి చోట్ల తరంగము నిలువదు. తీగను వెంట లాగుకొనిపోవుటయో, దారి పొడవున మజిలీలు కట్టుటయో చేయవలెను. మనుష్యుని పంపరాని చోటికి కన్నును పంపుటయే ఈ విద్యకు పరమార్థము. ఆ చోటులోనే దాని దారము తెగు అవకాశము కూడ అధికము.

కాబట్టి పరీక్ష ముఖ్యము. బండిని ఇంటి ముంగిట త్రిప్పి చూచి తృప్తి పడరాదు. 50 మీటర్లకు, 100 మీటర్లకు, 200 మీటర్లకు ఆపి, ప్రతి చోటను బండిని నలుదిక్కులకు త్రిప్పి చూడవలెను. ఒక ముఖమున చక్కగ నున్న చిత్రము, బండి వెనుదిరిగినప్పుడు బ్యాటరీ అడ్డుపడి తెగిపోవచ్చును. పని చేయవలసిన దూరమునకు రెట్టింపు దూరమున నిలిచినదే నమ్మదగినది. నీటి మీదుగ దూరము రెట్టించినచో శక్తి పదునారవ వంతునకు దిగును. అంత తరుగును ఓర్చుకొన్నదే వాన రాత్రిని ఓర్చుకొనగలదు. ఒక పుస్తకము పెట్టి, తేదీ, వేళ, వాతావరణము, ఎచ్చట తెగినది వ్రాసికొనవలెను. నెల దినములలో ఆ పుస్తకమే అసలు జబ్బును చూపును. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులకు, ఏలూరు కళాశాలల బాలురకు, బాలికలకు ఇంతకంటె మంచి ప్రయోగశాల ఏది? పరీక్షకు కావలసిన నీరు, గట్టు, తేమ, కొబ్బరిచెట్టు, అన్నియు కూతవేటు దూరముననే కలవు.

ఒక్క హెచ్చరిక. కొల్లేరు 1999 నుండి వన్యప్రాణి అభయారణ్యము. 2002 నుండి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేల. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. తాటిదోనెలో మనిషి దగ్గరకు పోయినచో బెదరు పక్షిని, చప్పుడు లేక నిలిచిన కెమేరా బెదరింపక చూపగలదు. మోటారు రొదతో పరుగెత్తు బండి మాత్రము మనిషికంటె ఎక్కువగ బెదరించును. బెదరిన తల్లి గూడు విడిచినచో గ్రుడ్లు ఎండకు పాడగును, కాకులకు చిక్కును. అభయారణ్యములో ఇట్టి పరికరమును తిప్పుటకు అటవీశాఖ అనుమతి అవసరము. నేల మీద నడచు బండి యైనను, నీటి మీద పోవు పడవ యైనను, గాలిలో ఎగురు డ్రోను ఐనను ఈ నియమమును గౌరవింపవలెను.

కెమేరా కొనుటకు పోయినవారు మొదట అడుగు ప్రశ్న చిత్రము ఎంత తేటగ నుండునని. అది రెండవ ప్రశ్న కావలెను. చిత్రము తెగిన క్షణమున తెగినదని నాకెట్లు తెలియును? ఇది మొదటి ప్రశ్న. మసకయైనను ఎడతెగని చిత్రము మేలు. తెగినను తెగినట్లు చెప్పు చిత్రము దాని తరువాతది. తెగియు తెగనట్లు నటించు చిత్రమును గట్టు మీద నుంచరాదు. వేరు బ్యాటరీ, మూడు కెపాసిటర్లు, ఒక వెదురు బొంగు, ఒక గడియారము, ఒక మైకు, వీనికి అగు వ్యయము స్వల్పము. వీనిని సమకూర్చుకొన్న పిమ్మట కూడ కాపలావానిని మాన్పింపనక్కరలేదు. గంట గంటకు చీకటిలో తీగల నడుమ తిరుగు పని అతనికి తప్పును. తెర చెప్పినప్పుడు, తెర మూగవోయినప్పుడు లేచి పోవు పని మిగులును. బండి అతని కాళ్లకు విశ్రాంతి నిచ్చునదే గాని, అతని జాగ్రత్తకు బదులుగ నిలుచునది కాదు.